గోదావరి డెల్టాలో డిజిటల్ దాతృత్వం: భీమవరం నుండి మోరి వరకు (2001–2019)

ఉపోద్ఘాతం

2000 జూలైలో జపాన్‌లోని ఒకినావాలో సమావేశమైన జి-8 దేశాలు సమాచార సమాజంపై ఒక అధికార పత్రాన్ని వెలువరించాయి. సంపన్న, పేద దేశాల నడుమ ఏర్పడుతున్న 'డిజిటల్ అంతరం' ఆ పత్రంతో అంతర్జాతీయ అభివృద్ధి చర్చల్లో ప్రధానాంశమైంది. కంప్యూటరూ అంతర్జాలమూ పల్లెకు చేరితే వైద్యం, విద్య, ఉపాధి వాటి వెంట వస్తాయన్న విశ్వాసం ఆనాటి దాతృత్వ సంస్థల్లో బలంగా ఉండేది. మరుసటి సంవత్సరం అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ భాగస్వామ్యంతో భారత ప్రభుత్వం 'మీడియా ల్యాబ్ ఆసియా'ను నెలకొల్పింది. 2003లో ఎం.ఐ.టి. తప్పుకున్నా సంస్థ భారతీయ సంస్థగా కొనసాగింది. ఈ ఆలోచనలు గోదావరి డెల్టాలో ఆచరణకు వచ్చిన తీరును, ముఖ్యంగా వాటి నిర్వహణ వ్యయాన్ని ఎవరు భరించారన్న ప్రశ్నను, పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బైర్రాజు ఫౌండేషన్ – 'అశ్విని'

సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు కుటుంబం 2001లో బైర్రాజు సత్యనారాయణరాజు స్మృత్యర్థం ఒక ఫౌండేషన్‌ను స్థాపించింది. ఆ కుటుంబం మూలాలు పశ్చిమ గోదావరి జిల్లాలోనివి కావడంతో ఫౌండేషన్ దృష్టి సహజంగానే డెల్టాపై నిలిచింది. క్రమంగా అది ఆరు జిల్లాల్లో సుమారు 200 గ్రామాలకు విస్తరించింది. దత్తత తీసుకున్న ఊళ్లలో గ్రామ వికాస సమితులు ఏర్పడ్డాయి. ఆరోగ్య కేంద్రాలు, పాఠశాలల బాగు, పారిశుద్ధ్యం, మంచినీటి శుద్ధి కేంద్రాలు కార్యక్రమంలో భాగమయ్యాయి. కాలువల చివరి భూముల్లో ఉప్పునీరు, చేపల చెరువుల వ్యర్థాల మధ్య తాగునీరు కరువైన భీమవరం పరిసరాలకు ఈ చివరి అంశం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

మీడియా ల్యాబ్ ఆసియా సహకారంతో భీమవరం కేంద్రంగా చేపట్టిన 'అశ్విని' పథకం వీటన్నిటికంటె సాహసోపేతమైనది. గ్రామాలను తీగలు లేని బ్రాడ్‌బ్యాండ్‌తో కలిపి, దృశ్య సమావేశం ద్వారా వైద్యులను, ఉపాధ్యాయులను, వ్యవసాయ నిపుణులను ఊరివారి ముందుకు తేవడం దాని లక్ష్యం. అప్పటికి టెలిఫోను తీగ మీద వచ్చే అంతర్జాలం మాటకే తడబడేది. దృశ్యాన్ని మోయగల శక్తి దానికి లేదు. అందువల్ల పథక నిర్మాతలు వైఫైని ఎన్నుకున్నారు. ఇళ్లలో, కార్యాలయాల్లో కొద్ది మీటర్ల దూరానికి రూపొందిన ఆ పరికరాలను ఎత్తైన స్తంభాలకు దిశాత్మక ఆంటెనాలతో బిగించి కిలోమీటర్ల దూరానికి పనిచేయించారు. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల ఆరుబయటి వినియోగాన్ని లైసెన్సు నుండి మినహాయించడం ఇలాంటి ప్రయత్నాలన్నిటికీ దారి సుగమం చేసింది.

ఇక్కడ డెల్టా భూగోళం ఒక విచిత్రమైన పాత్ర వహించింది. 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్‌కు ఈ నేల స్వల్పమైన వాలు వరమైంది; నీరు తనంతట తానే సముద్రం దిక్కుకు సాగింది. రేడియో తరంగాలకు ఆ చదునే ప్రతిబంధకం. రెండు ఆంటెనాలు ఒకదానికొకటి కనబడాలి. గుట్టలు లేని చోట, కొబ్బరితోటల తలలను దాటి చూడాలంటే ఇనుప స్తంభాలే శరణ్యం. పరికరం చౌక, స్తంభం ఖరీదు. ఏ ఊళ్లో ఎంత ఎత్తున నిలిపితే మొత్తం ఖర్చు తగ్గుతుందన్నది పరిశోధనాంశమైంది. భాస్కరన్ రామన్ తదితరులు ఆ లెక్కను పశ్చిమ గోదావరి గ్రామాల స్థానాల ఆధారంగా పరీక్షించారు. ఒకే స్తంభంపై ఉన్న అనేక ఆంటెనాలు పరస్పరం అడ్డుకోకుండా, అన్నీ ఒకేసారి పంపి ఒకేసారి స్వీకరించే కొత్త పద్ధతిని రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ప్రతిపాదించారు. గ్రామీణ తంత్రీరహిత జాలాలపై 2007లో వారు ప్రకటించిన అనుభవ వ్యాసంలో అశ్వినికి ప్రముఖ స్థానముంది. ఒక దాతృత్వ పథకం అంతర్జాతీయ పరిశోధనకు ముడిసరుకు కావడం తెలుగునాట అరుదైన సంగతి.

ఫౌండేషన్ చేపట్టిన మరో ప్రయోగం 'గ్రామ్ ఐటీ'. పశ్చిమ గోదావరిలోని జల్లికాకినాడ, తూర్పు గోదావరిలోని (నేటి కోనసీమ జిల్లాలోని) ఈతకోట వంటి ఊళ్లలో చదువుకున్న యువతీయువకులకు నగర కార్యాలయాల అనుబంధ పనులను అప్పగించే కేంద్రాలవి. ఉద్యోగం కోసం హైదరాబాదు బస్సెక్కకుండానే, ముఖ్యంగా ఆడపిల్లలకు, జీతం దొరకడం వాటి ఆకర్షణ. అయితే ఆ కేంద్రాల తొలి ఖాతాదారు సత్యం కంప్యూటర్సే. దాత, ఖాతాదారు ఒక్కరే కావడంలోని ప్రమాదం ఆనాటి ప్రశంసల్లో ఎవరి దృష్టికీ అంతగా రాలేదు.

మరో నమూనా: గ్రామీణ ఈ-సేవ

అదే జిల్లాలో అదే కాలంలో వేరొక మార్గం కూడా నడిచింది. 2002లో కలెక్టర్ సంజయ్ జాజూ హయాంలో ప్రారంభమైన గ్రామీణ ఈ-సేవ కేంద్రాలను స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించారు. విద్యుత్ బిల్లుల వసూలు, ధ్రువపత్రాలు, ఫిర్యాదుల నమోదు వారి పని. లావాదేవీపై వచ్చే రుసుము వారి ఆదాయం. సాంకేతికంగా ఇది అశ్వినికి సాటిరాదు. కాని బిల్లు కట్టేవాడు ప్రతినెలా వస్తాడు.

2009 జనవరి 7

ఆనాడు రామలింగరాజు విడుదల చేసిన లేఖలో సత్యం ఖాతాల్లో ఏడువేల కోట్ల రూపాయలకు పైగా లెక్కలు తప్పుడువని అంగీకరించారు. ఒక్కరోజులో షేరు విలువ నాలుగింట మూడు వంతులకు మించి కరిగిపోయింది. ఫౌండేషన్‌కు ఆధారమైన కుటుంబ సంపద ఆ షేర్లతో ముడిపడినదే. కార్యక్రమాలు వేగంగా కుంచించుకుపోయాయి.

ఇక్కడ ఒక పోలిక అవసరం. 2005 ఆగస్టు 15న ఆ కుటుంబం చేయూతతోనే మొదలైన 108 అత్యవసర సేవ ఆగలేదు. అప్పటికే దాని నిర్వహణ వ్యయంలో దాదాపు 95 శాతాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరిస్తోంది, 2009లో జి.వి.కె. సంస్థ యాజమాన్య బాధ్యత స్వీకరించడంతో అంబులెన్సులు యథావిధిగా తిరిగాయి. ఒకే దాత, ఒకే సంక్షోభం, రెండు భిన్న ఫలితాలు. వ్యత్యాసం సాంకేతికత నాణ్యతలో లేదు. 108కు బడ్జెట్‌లో పద్దు ఉంది, అశ్వినికి లేదు. దాత నైతిక పతనంపైనే చర్చంతా సాగడం వల్ల ఈ నిర్మాణ లోపం మరుగున పడిందనిపిస్తుంది. ఆ దాత నిష్కళంకుడై ఉన్నా మార్కెట్ పతనమొకటి చాలు, స్తంభాలు మూగబోవడానికి.

మోరి, ఆ తరువాత

ఏడేళ్ల అనంతరం అంతర్జాతీయ భాగస్వామ్యం మళ్లీ డెల్టాకు వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలోని హాస్ వ్యాపార విద్యాలయానికి చెందిన ఆచార్య సాల్మన్ డార్విన్ సఖినేటిపల్లి మండలంలోని మోరిని 'స్మార్ట్ విలేజ్' నమూనాగా ఎన్నుకున్నారు. 2016 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్ ఆ ఊరికి చేరింది. నెలకు 149 రూపాయలకు అంతర్జాలం, టెలివిజన్, ఫోను అన్నది ప్రభుత్వ వాగ్దానం. ఈసారి దాత స్థానంలో విశ్వవిద్యాలయమూ, గ్రామాన్ని భావి విపణిగా చూసే కంపెనీలూ నిలిచాయి. తీగ మాత్రం ప్రభుత్వానిది. దానధర్మం కాకుండా పరస్పర లాభం ఉంటేనే పథకం మన్నుతుందన్నది బర్క్‌లీ వాదన. అశ్విని అనుభవం తెలిసినవారికి అందులో కొంత సత్యం కనిపిస్తుంది. కంపెనీ లాభం లెక్క మారినపుడు ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం ఆ వాదనలో జవాబు లేదు.

2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. ప్రతి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగి నియమితుడయ్యాడు. జీతం రాష్ట్ర ఖజానా నుండి వస్తుంది. పల్లెలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి ప్రభుత్వోద్యోగి అయ్యాడు. అతని ప్రధాన విధి దరఖాస్తుల స్వీకరణ, ధ్రువపత్రాలు, పథకాల లబ్ధిదారుల నమోదు. భీమవరం స్తంభాల మీదుగా ఊరి రైతు వ్యవసాయ నిపుణుడితో ముఖాముఖి మాట్లాడిన సేవ ఆ విధుల జాబితాలోకి రాలేదు.