ఉప్పుటేరు దాటాక

2002 మార్చి 3, ఆదివారం. కైకలూరు దగ్గర, కొవ్వాడలంక వైపు ఒక చేపల చెరువు గట్టు మీద మీరు నిలబడి ఉన్నారనుకోండి. తెల్లారి చాలాసేపైనా సూర్యుడి జాడ లేదు. అవతలి గట్టు మీది కొబ్బరి చెట్లకు మొదళ్లూ లేవు, తలలూ లేవు. నడుములు మాత్రం బూడిదరంగులో ఆనుతున్నాయి. మేత బస్తాలు కట్టిన వెదురు గెడలు నీళ్లలో వరసగా మొదలై, నాలుగో గెడ తర్వాత మాయమవుతున్నాయి. గాలి కదలడం లేదు. ఎక్కడో ఒక శీలావతి చేప ఎగిరిపడితే తప్ప నీటి మీద గీత కూడా లేదు.

భీమవరం వైపు నుంచి మోత.

“హెలికాప్టరులా ఉంది బాబాయ్.”

“ఎటుందిరా?”

ఎటుందో మీరూ చెప్పలేరు. దగ్గరికొస్తోందని మాత్రం తెలుస్తోంది.

అందులో ఉన్నది లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. కోనసీమలో ఎదుర్లంకలో పుట్టి, కాకినాడలో వకీలుగా మొదలై, 1998లో ఆ కుర్చీ ఎక్కిన తొలి దళితుడు. వయసు యాభై. వెంట ఒక అంగరక్షకుడు, ముందు పైలట్. వెళ్లాల్సింది హైదరాబాద్. యంత్రం బెల్ 206: ఒకే ఇంజిన్, పైన రెండే రెక్కలు. కంటితో నేలను చూసుకుంటూ నడపడానికి చేసిన చిన్న హెలికాప్టరు.

ఇప్పుడు గట్టు వదిలి ముందు సీట్లోకి రండి. ఆ రోజు ఆ పైలట్ ఏం చూశాడో చెప్పే హక్కు మనకు లేదు. అక్కడ ఎవరున్నా ఏం చూస్తారో చెప్పుకోవచ్చు.

గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగం. భీమవరం నుంచి కైకలూరుకు పదినిమిషాల దూరం. ఉండి, ఆకివీడు, ఆ పక్కనే గుడివాడ వెళ్లే రైలు పట్టాలు. పట్టాలు కనిపిస్తున్నంతసేపూ గుండె దిటవుగానే ఉంటుంది. ఉప్పుటేరు దాటాక కింద లోకం మారిపోతుంది. కొల్లేరు సరస్సు పల్లంలో 1980ల నుంచి తవ్వుకుంటూ వచ్చిన చెరువులు, చెరువు పక్కన చెరువు, అన్నీ ఒకే పోలిక. కొల్లేరు ఆపరేషన్ పేరుతో సర్కారు గట్లు తెంపించింది 2006లో. 2002లో చెరువులన్నీ నిండుగా ఉన్నాయి.

ఇక్కడ మంచు పైనుంచి కురవదు, కిందనుంచి పుడుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి పడిపోయి, తడి నేల చల్లబడితే, నేలనంటిన ఆవిరి చిక్కబడుతుంది. బుడమేరు, తమ్మిలేరు దిగే ఈ పల్లంలో ఆవిరికి కరువేముంది? అదీ అంతటా ఒకే తీరుగా ఉండదు. భీమవరంలో లేచేటప్పుడు కనిపించిన దూరం ఆకివీడు దాటాక కనిపించాలని లేదు. గన్నవరం విమానాశ్రయంలో తీసిన లెక్క కొల్లేరుకు పనికిరాదు.

ఇంకో మోసం ఉంది. పైనుంచి నిట్టనిలువుగా చూస్తే పలచటి మంచులోంచి గట్లు కనిపిస్తాయి. ఫరవాలేదనుకుని దిగుతారు. దిగి ఎదురుగా చూసేసరికి అదే మంచు గోడ కడుతుంది. ఇక చూపు కిందికే. కింద అలలేని నీరు, అందులో పడ్డ మంచు తెలుపు. యాభై అడుగులుందా, పదిహేనేనా? కన్ను తేల్చలేదు. నీటి మీద దిగే విమానాల పైలట్లకు ఈ ఒక్క విషయం మీద ప్రత్యేకంగా తర్ఫీదు ఇస్తారు. నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు కంటిని నమ్మొద్దని.

చెవీ అంతే. ఒరుగుడు మెల్లగా ఉంటే లోపలి చెవి దాన్ని పసిగట్టదు, తిన్నగానే ఉన్నామంటుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, మీటర్లను చూసి నడపడం రాని 20 మందిని ఉత్తుత్తి మబ్బులోకి పంపి చూశారు. అందరూ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు. 2020 జనవరిలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌ని తీసుకెళ్తున్న పైలట్ పైకి ఎక్కుతున్నానని రేడియోలో చెప్పాడు. హెలికాప్టరు అప్పటికే ఎడమకు ఒరిగి దిగిపోతోంది. అతను అబద్ధమాడలేదు, అతని చెవి ఆడింది.

కొవ్వాడలంక దగ్గర మోత తెగిపోయింది. చెరువులో పడ్డ హెలికాప్టరులోంచి ముగ్గురిలో ఒక్కరూ బతికి బయటపడలేదు.

యంత్రం చెడిందన్నవాళ్లు ఉన్నారు, మంచు మింగిందన్నవాళ్లు ఉన్నారు. యంత్రం మాటను కొట్టిపారేయలేం. కానీ బెల్ 206 ఇంజిన్ ఆగినంత మాత్రాన రాయిలా పడదు. పైలట్ వెంటనే పక్కనున్న లివరు కిందికి దించితే, కిందనుంచి తోసుకొచ్చే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి. నేల దగ్గరపడ్డాక ముక్కు ఎత్తి వేగం చంపి, చివరి క్షణంలో లివరు లాగి కూర్చోబెడతారు. ఆ చివరి క్షణం ఏదో కంటితోనే తెలియాలి. ముందే లాగితే గాల్లో శక్తి అయిపోతుంది, ఆలస్యమైతే గుద్దుకుంటుంది. నన్నడిగితే ఇంజిన్ కథ నిజమే అనుకున్నా, అది మంచును నిర్దోషిగా వదలదు.

యంత్రమూ వాతావరణమూ కలిసిన ఉదాహరణ ఇంకోటుంది. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో పావురాలగుట్ట మీద కూలిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు బెల్ 430. దానికి రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు. అక్కడ గేర్‌బాక్స్ ఆయిల్ గురించిన హెచ్చరిక ఒకటి వచ్చిందని, దాని సంగతేమిటో పుస్తకంలో వెతకడంలో సిబ్బంది నిమిషాలు గడిపేశారని, ఈలోగా ఉరుముల మబ్బులోని కిందిగాలి హెలికాప్టరును దించేసిందని విచారణ సంఘం తేల్చింది. హెచ్చరిక చంపలేదు, చూపును మళ్లించింది.

బాలయోగి ఆ ఉదయం బయలుదేరడం సంగతి వేరు. అప్పటికి ఐదు నెలల ముందే, 2001 సెప్టెంబరు 30న, కాంగ్రెస్ నాయకుడు మాధవరావు సింధియా ఎక్కిన చిన్న విమానం చెడ్డ వాతావరణంలో మైన్‌పురి దగ్గర కూలింది. బాలయోగి తొందరపెట్టారని ఎవరూ అనలేరు. పెద్దమనిషి ఏమీ అనకపోయినా ఆయన కార్యక్రమాల కాగితం తొందరపెడుతుంది. వెనక సీట్లో స్పీకర్ కూర్చున్నాక, “సార్, తొమ్మిది దాకా ఆగుదాం” అనడానికి ఎంత గుండె కావాలో డ్రైవరుగా పనిచేసిన వాళ్లనడిగినా చెబుతారు. గాల్లోకి లేచాకైనా అవకాశం పోలేదు. ఉప్పుటేరు మీద వెనక్కి తిప్పితే భీమవరం పది నిమిషాలు కూడా లేదు.