మున్షీ జీతం నుంచి పరిశోధక వేతనం దాకా

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం రావడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. సి.పి. బ్రౌన్ నిఘంటువుకైతే అర్ధ శతాబ్దం ఆగాలి. పక్కన కూర్చుని చెప్పే పండితుడు లేకపోతే వాళ్లకు ఒక్క వాక్యం కూడా ముందుకు సాగదు. అందుకే క్రైస్తవ వేదాంత విద్యకు ఈ ఊళ్లో డబ్బు ఖర్చు పెట్టడమన్నది కళాశాలతో కాదు, మున్షీ నెల జీతంతో మొదలైంది.

ఆ తొలి రోజుల పండితుల్లో పేరు నిలిచినవాడు ఆనందరాయర్. మరాఠీ బ్రాహ్మణుడు. కొంతకాలం సైన్యంలో లెక్కలు రాశాడు. తరంగంబాడి మిషనరీల దగ్గర కొన్నాళ్లు ఉండి విశాఖ వచ్చాడు. డెగ్రాంజెస్‌తో కలిసి సువార్తల అనువాదానికి కూర్చున్నాడు. 1809లో క్రాన్, మరుసటి ఏడు డెగ్రాంజెస్ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ పని తలపెట్టిన దొరలిద్దరూ లేరు. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ మొత్తం కొత్త నిబంధనను తెలుగులోకి తెచ్చాడు. అది 1818లో మద్రాసులో అచ్చయింది.

ఈ పనికి డబ్బు ఎక్కడిదంటే, ఇంగ్లండు చర్చిల్లో భక్తులు వేసిన చందా. అది లండన్ డైరెక్టర్ల చేతుల మీదుగా ఇక్కడికి చేరేది. ఆ చిట్టాలో మిషనరీది ఒక హోదా, పండితుడిది ఒక ఖర్చు. ఆనందరాయర్‌కు గ్రంథం అర్థమయ్యేది, రెండు మతాల వాదనలూ తెలుసు. అయినా జీతం మాత్రం తెలుగు మాట అందించినందుకే. వేదాంతం ఆలోచించినందుకు జీతమిచ్చే పద్దు అప్పటికి పుట్టలేదు. మిషన్లదే ఈ తీరు అనుకోనక్కర్లేదు. కడపలో ఇంటి నిండా పండితులను పెట్టుకుని సొంత సొమ్ముతో పోషించిన బ్రౌన్ దగ్గరా వేమన పద్యాలు పోల్చి చూసినవాళ్లు జీతగాళ్లే, అట్ట మీద పేరు ఆయనది.

1840లో విశాఖకు వచ్చిన మిషనరీ జాన్ హే 1891లో చనిపోయేదాకా తెలుగు బైబిలు దిద్దుబాటుతో సతమతమయ్యాడు. ఆ తరంలోనే మిషన్ బడి నుంచి పులిపాక జగన్నాథం వచ్చాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఆ బడిలో చదివి, క్రైస్తవం తీసుకుని, పాస్టరుగా అభిషేకం పొందాడు. పక్కన కూర్చుని మాట అందించే పండితుడి స్థానం నుంచి సంఘం ముందు నిలబడి బోధించే స్థానానికి ఒక స్థానికుడు చేరడానికి ఊళ్లో దాదాపు రెండు తరాలు పట్టింది.

19వ శతాబ్దం చివరికొచ్చేసరికి బోధకుల అవసరం ఒక్కసారిగా పెరిగింది. పల్లెల్లో మాల మాదిగ పేటలు ఒక్కుమ్మడిగా క్రైస్తవంలోకి వస్తుంటే ఇద్దరు ముగ్గురు పాస్టర్లతో ఎలా? కెనడా బాప్టిస్టుల తరఫున జాన్ మెక్‌లారిన్ 1882లో సామర్లకోటలో సెమినరీ పెట్టాడు. అమెరికా బాప్టిస్టులది రామాయపట్నం, లూథరన్లది రాజమండ్రి లూథర్‌గిరి. విద్యార్థికి గది, భోజనం, కొద్దిపాటి వేతనం మిషనే ఇచ్చేది. పెళ్లయినవాడు భార్యాబిడ్డలతో వచ్చేవాడు. చదువు తెలుగులోనే, చివర డిగ్రీ ఉండేది కాదు.

కాథలిక్కుల దారి వేరు. నేటి ఫ్రాన్స్ కొండసీమలోని ఆనెసీకి చెందిన ఫ్రాన్సిస్ దె సేల్స్ సభ గురువులు 1846లో విశాఖ చేరారు. మరుసటి ఏడు సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. స్థానికుల్లోంచి గురువులను తయారు చేయడానికి నిధి మాత్రం మరో నాలుగు దశాబ్దాలకు గానీ ఏర్పడలేదు. 1889లో ఫ్రాన్స్‌లోని కాఁ పట్నంలో జాన్ బిగార్ అనే యువతి, తల్లి స్తెఫానీతో కలిసి అపొస్తలుడైన పేతురు పేరిట ఒక సంస్థ పెట్టింది. మిషన్ దేశాల్లో గురు విద్యార్థుల చదువుకే ఆ సొమ్ము. 1922లో దానికి పోప్ అధికార ముద్ర దక్కింది.

దూరపు డబ్బుకు పక్కనే ఇంటి డబ్బూ ఉంది. పూటపూటా ఎసరు పెట్టేముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం విడిగా తీసి కుండలో వేసేది. ఆదివారం అది సంఘానికి చేరేది. కోత పండుగనాడు ధాన్యం బస్తాలు, కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేసేవారు. ఈ సొమ్ము ఊరి బోధకుడి పొయ్యి మండించింది. కానీ పిడికెడు బియ్యంతో గ్రీకు, హీబ్రూ నేర్పే అధ్యాపకుడిని పోషించడం కష్టం. గ్రంథాలయం కొనడం అంతకన్నా కష్టం. పై చదువు ఖర్చు బయటివాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది.

ఈ లెక్కను మార్చినవారిలో చార్లెస్ రాన్సన్ ఒకరు. భారతదేశంలో పనిచేసిన ఈ ఐరిష్ మెథడిస్టు, దేశంలోని సెమినరీలన్నిటినీ పరిశీలించిన నివేదికను 1945లో పుస్తకంగా తెచ్చాడు. 1957 చివర, 58 మొదట్లో ఘనాలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మండలి సమావేశం థియొలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్‌ను స్థాపించింది. రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధి నుంచి 20 లక్షల డాలర్లు, అంతే మొత్తం మిషన్ బోర్డుల నుంచి. దాని మొదటి డైరెక్టరు రాన్సనే. చిన్న చిన్న సెమినరీలు కలిసి గట్టి కళాశాలలు కావాలన్నది ఆ కాలం గాలి. తెలుగునాట లూథర్‌గిరి, రామాయపట్నం, కాకినాడ, డోర్నకల్ సెమినరీలు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ అయ్యాయి. తర్వాతి దశాబ్దంలో అది హైదరాబాదుకు మారింది. డిగ్రీ ఇచ్చేది శ్రీరాంపూర్. ఆ కళాశాలకు ఆ అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన సన్నదు నుంచి, 1918 నాటి బెంగాల్ చట్టం నుంచి వచ్చింది.

డాక్టరేట్లు ఈ తరంలోనే మొదలయ్యాయి. ఆంధ్ర కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసి, తర్వాత మెదక్ బిషప్ అయిన విక్టర్ ప్రేమసాగర్ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో పరిశోధన చేశారు. అప్పట్లో పై చదువంటే ఓడెక్కడమో విమానమెక్కడమో. వెళ్లినవాళ్లు ఎంచుకునే విషయం ఎక్కువగా అక్కడి గురువుకు తెలిసినదే. మెల్లగా అదీ మారింది. ఆర్.ఆర్. సుందరరావు తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి వేదాంతం మీద చేసిన పని 1983లో పుస్తకమైంది. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడే సంఘం తానే పరిశోధనకు విషయమైంది.

పై చదువుకు డబ్బూ గురువూ బయటివాళ్లే కావడమన్న చిక్కు అమెరికాలో లాటినో క్రైస్తవులకూ ఎదురైంది. క్యూబాలో పుట్టిన చరిత్రకారుడు హుస్తో గొన్సాలెస్ వాళ్ల వేదాంత విద్య మీద 1980లలో అధ్యయనం చేశాడు. చర్చిల్లో జనం పెరుగుతున్నా సెమినరీ అధ్యాపకుల్లో వాళ్లు కనిపించేవారు కాదు. 1996లో ప్యూ ట్రస్టుల సొమ్ముతో హిస్పానిక్ థియొలాజికల్ ఇనీషియేటివ్ మొదలైంది. తర్వాత ప్రిన్స్‌టన్ సెమినరీలో స్థిరపడింది. అక్కడ స్కాలర్‌షిప్ చెక్కు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. ప్రతి విద్యార్థికీ ఒక లాటినో అధ్యాపకుడిని తోడు పెట్టారు, థీసిస్ దిద్దే సంపాదకులను ఇచ్చారు, ఏటా అందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. డబ్బు అందినా ఒంటరితనంతో మధ్యలో మానేసేవాళ్లున్నారన్న గ్రహింపు దాని వెనుక ఉంది.

మళ్లీ విశాఖకే వస్తే, ఇక్కడ ఆంధ్రా యూనివర్సిటీ 1930 నుంచి ఉంది. అయినా శ్రీరాంపూర్ పట్టా కోసం వేదాంతం చదివేవాళ్లలో చాలామంది హైదరాబాదుకో బెంగళూరుకో రైలెక్కుతారు. ఆ చదువు ఖర్చుకు నిధులు చూస్తే, మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో పెట్టిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. దళిత క్రైస్తవులకు 1950 నాటి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా లేదు. రాష్ట్ర రిజర్వేషన్లలో వాళ్లది బీసీ-సీ వర్గం, దాని వాటా ఒక్క శాతం. విదేశీ విరాళాలకు 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంకులోని ఒకే శాఖ ద్వారం. కార్యాలయ ఖర్చుకు 20 శాతం మించకూడదు.

ఇవన్నీ దాటినా చేతిలో ఇంకో కాగితం ఉండాలి. అది విద్యార్థిని పంపే సంఘం ఇచ్చే సిఫారసు ఉత్తరం. పాత మిషన్ సంఘాల పిల్లలకు అది రాసిచ్చే కమిటీ, చదువయ్యాక చేర్చుకునే కొలువు రెండూ ఉన్నాయి. గాజువాక, మధురవాడ లాంటి కొత్త కాలనీల్లో అద్దె హాళ్లలో పుట్టుకొచ్చిన స్వతంత్ర సంఘాలకు పైన డయాసిస్ లేదు, కన్వెన్షన్ లేదు. అక్కడి కుర్రాడు, అమ్మాయి పరిశోధన చేయాలనుకుంటే ఆ ఉత్తరం పాస్టరుగారు ఒక్కరే రాయాలి, ఫీజు కూడా చాలాసార్లు ఆ సంఘంవాళ్లే తలా కొంత వేసుకుని కట్టాలి.