సిమెంటు రేకు, తారు అతుకు

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తుంటే తాటాకు కప్పుల పక్కనే బూడిదరంగు సిమెంటు రేకుల ఇళ్లు కనిపిస్తాయి. రేకును బిగించే జే బోల్టు తల కింద నల్లటి తారు వాషరు ఉంటుంది. చినుకు లోపలికి కారకుండా ఆపేది అదే. రేకు పగిలితే గోనెగుడ్డకు తారు పట్టించి అతికిస్తారు.

నీటిని ఆపడానికి తారు వాడకం మొహెంజొదారో స్నానవాటిక నాటిది. సిమెంటు రేకు వయసు మాత్రం నూట పాతికేళ్లే. ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ 1901లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. సారపాక పేపరు మిల్లులో అట్ట తయారీ చూసినవాళ్లకు ఆయన పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. అట్టకు గుజ్జు పట్టినట్టే, నీళ్లలో కలిపిన సిమెంటు, ఆస్బెస్టాస్ పీచు తిరిగే జల్లెడ మీద పొరలు పొరలుగా పేరుకుంటాయి. హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ 1946లో మొదలైంది. దాని చార్మినార్ రేకు ఊరూరా చేరింది. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చుకోలేక, నిప్పుకు భయపడే పేదవాడికి అది నిజంగానే ఆసరా అయింది.

అదే పీచు తారులోకీ వెళ్లింది. కొత్తగూడెం ఎండకు తారు మెత్తబడి జారిపోతుంది. పీచు కలిస్తే నిలబడుతుంది. అందుకే పాశ్చాత్య దేశాల్లో దశాబ్దాల పాటు తారు ఫెల్టుల్లో, జిగురుల్లో, పూతల్లో ఆస్బెస్టాస్ కలిపారు. ఇప్పటి ఫెల్టుల్లో ఎక్కువగా గాజుపీచో, పాలిస్టరో వాడుతున్నారు. పాత సరుకులో ఏముందో కంటితో తేల్చలేం, ల్యాబులో పరీక్షించాల్సిందే.

తారులోనో సిమెంటులోనో బిగుసుకుని ఉన్నంతవరకు పీచుతో ముప్పు తక్కువ. కోసినా, రుద్దినా, పగలగొట్టినా ధూళై ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. క్యాన్సర్ బయటపడేది అలా పీల్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు. అందుకే సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు ఉంచాలని ఆదేశించింది. మన గూడెంలో రేకు కోసే కూలీకి ఏ రికార్డూ లేదు. ఇది అన్యాయం.

రేకు కోయక తప్పకపోతే తడిపి, మాస్కు కట్టుకుని, చేతిరంపంతోనే కోయండి. పాత తారు అతుకును పొడిగా గీకకండి, కాల్చకండి. విరిగిన ముక్కలను బాట గుంతల్లో పోసి తొక్కించకండి. కొత్త రేకు కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేనిదే కావాలని దుకాణంలో గట్టిగా అడగండి.