శ్లేష్మపు పొరలు - ఈస్టు వ్యాధుల నిరోధం

నోరు, అన్నవాహిక, ప్రేగులు, యోని మొదలగు అవయవాల లోపలి తలాన్ని కప్పి ఉంచే తడి పొరను శ్లేష్మపు పొర అంటారు. ఈ పొరలోని రక్షక కణాలు ఈస్టు జాతి శిలీంధ్రాలను ఏ విధంగా అదుపులో ఉంచుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ శిలీంధ్రాలలో ముఖ్యమైనది కాండిడా అల్బికాన్స్. ఇది ఆరోగ్యవంతులైన అనేకమంది నోటిలోను, ప్రేగులలోను ఏ హానీ చేయకుండా నివసిస్తుంది. కాబట్టి రక్షక కణాల పని దీనిని నిర్మూలించడం కాదు, హద్దు దాటకుండా చూడడం.

హద్దు దాటినట్లు తెలిసే విధానం

అల్బికాన్స్‌కు మొగ్గలు తొడిగే గుండ్రని రూపం, నూలుపోగు వంటి తంతు రూపం అని రెండు రూపాలున్నాయి. తంతువులు పైపొర కణాలలోనికి చొచ్చుకొనిపోయి కాండిడాలైసిన్ అనే విషాన్ని విడుదల చేస్తాయి. 31 అమైనో ఆమ్లాలు గల ఈ పెప్టైడును 2016లో గుర్తించారు. ఇది కణాల పైత్వచాన్ని ఛేదిస్తుంది. విచిత్రమేమంటే, శత్రువు వచ్చిందని పైపొరకు తెలియజేసేది కూడా ఈ విషమే. గాయపడిన కణాలు పంపే సంకేతాలను అందుకొని న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరుకుంటాయి. మరోవైపు భక్షక కణాలు డెక్టిన్-1 అనే గ్రాహకంతో శిలీంధ్రపు గోడలోని బీటా-గ్లూకాన్‌ను పసిగడతాయి.

ఇంటర్‌ల్యూకిన్-17

ఈ రక్షణలో కీలకమైన సంకేతం ఇంటర్‌ల్యూకిన్-17. దీనిని టి-హెచ్-17 కణాలు, గామా-డెల్టా టి-కణాలు మొదలైనవి స్రవిస్తాయి. దీని ప్రభావం వలన పైపొర కణాలు డిఫెన్సిన్లు అనే శిలీంధ్రనాశక పెప్టైడులను తయారుచేస్తాయి.

దీని ప్రాముఖ్యం రోగులను చూస్తే స్పష్టమవుతుంది. ఎయిడ్స్ వ్యాధిలో సిడి4 టి-కణాలు క్షీణించినపుడు నాలుకపైన, అంగిట్లోను తెల్లని పూత ఏర్పడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-17ఎఫ్ లేదా దాని గ్రాహకపు జన్యువులో లోపం ఉన్నవారికి ఇటువంటి పూత చిన్ననాటి నుండి మాటిమాటికీ వస్తుందని 2011లో తేలింది. సోరియాసిస్‌కు ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకొనే మందులు వాడేవారిలోనూ ఈ సమస్య కొంత ఎక్కువ. అయినా వీరిలో శిలీంధ్రం రక్తంలోనికి ప్రవేశించడం అరుదు. కాన్సర్ చికిత్స వలన న్యూట్రోఫిళ్ళు తగ్గినవారి పరిస్థితి వేరు. వారికి ప్రాణాంతకమైన రక్త సంక్రమణ ముప్పు ఉంటుంది. అంటే పొరకు ఒక కాపలా, రక్తానికి మరొక కాపలా అన్నమాట.

యోనిలో కథ తలక్రిందులు. అక్కడ న్యూట్రోఫిళ్ళు గుంపుగా వచ్చినా శిలీంధ్రాన్ని సరిగా చంపలేవు. దురద, మంట, వాపు చాలావరకు వాటి రాక వలననే కలుగుతాయి.

నాంపల్లిలో పరిశోధన

హైదరాబాదులోని డిఎన్‌ఎ ఫింగర్‌ప్రింటింగ్ మరియు డయాగ్నస్టిక్స్ కేంద్రం (సిడిఎఫ్‌డి) ఉప్పల్‌కు తరలిపోక ముందు కొంతకాలం నాంపల్లిలోని తుల్జాగూడ కాంప్లెక్సులో పనిచేసింది. అక్కడ రూపిందర్ కౌర్ బృందం కాండిడా గ్లాబ్రేటా అనే మరొక ఈస్టును అధ్యయనం చేసింది. దీని నేటి శాస్త్రీయ నామం నకసియోమైసెస్ గ్లాబ్రేటస్. వాడుకలో ఉన్న ఫ్లూకొనజోల్ మందుకు ఇది తేలికగా లొంగదు కాబట్టి వైద్యులకు ఇది పెద్ద చిక్కు.

గ్లాబ్రేటాకు తంతువులు లేవు, కాండిడాలైసిన్ కూడా లేదు. మాక్రోఫేజ్ అనే భక్షక కణం మింగినా ఇది చావక, దాని కడుపులోనే సంఖ్య పెంచుకుంటుంది. అందుకు శిలీంధ్రం తన క్రోమాటిన్ అమరికను మార్చుకోవడం అవసరమని ఈ బృందం 2012లో ప్రచురించింది. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలపై ఈ ప్రయోగాలు జరిగాయి. యాప్సిన్లు అనే 11 ఎంజైముల కుటుంబం కూడా ఇందుకు తోడ్పడుతుంది. ఈ ఎంజైములు మాక్రోఫేజ్‌లోని ఇంటర్‌ల్యూకిన్-1 బీటా సంకేతాన్ని అణచివేస్తాయని ఇదే బృందం 2018లో తెలిపింది. అల్బికాన్స్ తన విషంతో గంట మ్రోగిస్తే, గ్లాబ్రేటా ఆ గంట నాలుకనే పట్టుకొని ఆపుతుంది.