బస్తర్‌లో సంక్షేమ విధానాలు: ప్రజాభిప్రాయం, పార్టీలు

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలో తెలంగాణను ఆనుకుని ఉన్న ఆదివాసీ ప్రాంతం బస్తర్. పూర్వపు ఒక్క జిల్లా నేడు ఏడు జిల్లాలు; శాసనసభ స్థానాలు 12.

ఇక్కడి ప్రజల మాట ఓట్ల కాలానికి ముందే పాలకులను కదిలించింది. అడవిపై ఆంక్షలకు, వెట్టికి వ్యతిరేకంగా 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. ఆదివాసుల పక్షాన నిలిచిన మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పుల్లో మరణించారు. 1980లో ఆంధ్ర నుంచి వచ్చిన నక్సలైట్లు మొదట పట్టుకున్న సమస్యల్లో తునికాకు కూలి ఒకటి. 1989లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆకు సేకరణను సహకార సంఘాలకు అప్పగించింది.

బియ్యం విషయంలో అసలు మలుపు 2004. రమణ్‌సింగ్ నాయకత్వంలోని బీజేపీ ప్రభుత్వం చౌక దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తీసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు ఇచ్చింది. 2007లో కిలో 3 రూపాయలకు, 2009లో పేదలకు 2, నిరుపేదలకు 1 రూపాయికి బియ్యం వచ్చాయి. ఎన్టీఆర్ 1983లోనే 2 రూపాయల బియ్యం ఇచ్చిన సంగతి తెలుగువారికి తెలిసిందే. అయితే రమణ్‌సింగ్‌కు ‘చావల్ వాలే బాబా’ అని పేరు తెచ్చింది ధర ఒక్కటే కాదు, సరుకు దారి మళ్లకుండా కార్డుదారుకు చేరడం. కేంద్రం కంటే ముందే, 2012 డిసెంబరులో, రాష్ట్రం ఆహార భద్రతా చట్టం చేసింది.

ఓటరు మాత్రం బియ్యానికి కట్టుబడిపోలేదు. 2008లో 11 స్థానాలిచ్చిన బీజేపీకి 2013లో బస్తర్ నాలుగే ఇచ్చింది. మహేంద్ర కర్మ తదితర కాంగ్రెస్ నేతలు ఆ మే నెలలోనే ఝీరమ్ ఘాటీలో మావోయిస్టుల దాడికి బలయ్యారు. ఆ విషాదం ప్రభావాన్ని బియ్యం లెక్క నుంచి విడదీయడం కష్టం.

2018లో కాంగ్రెస్‌కు 11 స్థానాలు దక్కాయి. తునికాకు స్టాండర్డ్ బ్యాగు, అంటే 50 ఆకుల కట్టలు వెయ్యి, ధరను భూపేశ్ బఘేల్ ప్రభుత్వం 2,500 నుంచి 4,000 రూపాయలకు పెంచింది. లోహండీగూడలో టాటా స్టీల్ కర్మాగారం కోసం సేకరించి ఖాళీగా వదిలేసిన భూములను 2019లో రైతులకు తిరిగి ఇచ్చింది. ఎన్నికల హామీల్లో ఇంత నికరమైన ఫలితం అరుదు. 2023లో ఎనిమిది స్థానాలు గెలిచిన బీజేపీ ఆకు ధరను 5,500 చేసింది. కాంగ్రెస్ హయాంలో ఆగిన, ఆకు సేకర్తలకు చెప్పులిచ్చే ‘చరణ్ పాదుక’ను 2025లో తిరిగి తెచ్చింది.

లోపలి పల్లెల కథ వేరు. మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. చాలా కుటుంబాలు గోదావరి తీరానికి వలస వచ్చాయి. ఆ ఊళ్ల రేషన్ దుకాణాలు రోడ్డు పక్కకు తరలాయి, బియ్యం కోసం అడవి దాటి నడవాల్సి వచ్చింది. 2021 మేలో సుక్మా–బీజాపూర్ సరిహద్దులోని సిల్గేర్‌లో భద్రతా శిబిరాన్ని వ్యతిరేకించిన గ్రామస్థులు కొందరు కాల్పుల్లో చనిపోయారు. తర్వాత నెలల తరబడి సాగిన ధర్నాలో వారు బడి, ఆసుపత్రి కావాలన్నారు, శిబిరం వద్దన్నారు. 2024లో మొదలైన ‘నియద్ నెల్లనార్’ పథకం రేషన్, కరెంటు, అంగన్‌వాడీలను మొదట శిబిరాలకు 5 కిలోమీటర్ల లోపు ఊళ్లకే తెచ్చింది.