దేవుడు మగవాడా, ఆడదా? మన కులదైవాలు చెప్పే చరిత్ర

ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

"తాతా, దేవుడు మగవాడా, ఆడదా?" అని మన ఇళ్ళలో పిల్లలు అడుగుతుంటారు. దీనికి కొందరు "దేవుడంటే మగవాడే, అమ్మవారు ఆయన భార్య" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఇంకొందరు "దేవుడికి రూపమే లేదు, పోయి చదువుకో" అని తప్పించుకుంటారు. కానీ వందల ఏళ్ళుగా పరాయి భాషల మధ్య బతుకుతున్న మన పెద్దలు తమ గుళ్ళలో, తిరనాళ్ళలో దీనికి జవాబు చెప్పే పెట్టారు. ఆ జవాబు తెలుసుకుంటే మన సంఘంలో నలుగుతున్న ఒక పాత సంగతికి కూడా దారి దొరుకుతుందని మా నమ్మకం. ఆ సంగతి చివర చెప్తాం.

మొదట భాష సంగతి చూద్దాం. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. బళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు. తమిళంలో 'కడవుళ్' అనే మాటలో ఆడ, మగ గుర్తు ఏదీ లేదు. 'కడవుళ్ వందార్' అంటే వచ్చింది ఎవరైనా కావచ్చు. తెలుగులో 'దేవుడు' అనగానే చివర 'డు' వచ్చి కూర్చుంటుంది. రాముడు, భీముడు లాగా మగవాడైపోతాడు. పైగా మన భాషలో 'అమ్మ వచ్చింది', 'ఆవు వచ్చింది', 'రైలు వచ్చింది', మూడింటికీ ఒకటే మాట. తమిళంలో అమ్మకు 'వందాళ్', ఆవుకు 'వందదు' అని వేరువేరుగా ఉంటుంది. దీన్ని పట్టుకుని తమిళ పిల్లలు మమ్మల్ని ఆటపట్టించేవాళ్ళు.

అయితే తెలుగులోనే దీనికి విరుగుడు కూడా ఉంది. గుడి దగ్గర మనం ఎలా మాట్లాడతాం? 'స్వామివారు వేంచేశారు', 'అమ్మవారు వేంచేశారు'. గౌరవం ఇచ్చిన మరుక్షణం ఆడ, మగ తేడా పోయింది. ఇంకా చూడండి, మనం మొక్కుకునేది 'కులదైవం'. దైవం అనే మాట దేవుడిలా మగదీ కాదు, దేవతలా ఆడదీ కాదు. సంస్కృతంలో 'దేవతా' అన్న మాట స్త్రీలింగం, అయినా ఇంద్రుణ్ణీ అగ్నినీ కూడా దేవత అనే అంటారు. ఉపనిషత్తులు పరమాత్మకు వాడిన 'బ్రహ్మ' శబ్దం నపుంసకలింగం. అంటే మాట దగ్గరే పెద్దవాళ్ళు తలుపు తెరిచి పెట్టారు.

తెలుగు కావ్యం మొదలైంది కూడా ఈ మాటతోనే. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భట్టు భారతం మొదలుపెట్టాడు. మొదటి పద్యం సంస్కృత శ్లోకం. అందులో ముందు వచ్చేది లక్ష్మి, సరస్వతి, పార్వతుల పేర్లు. వాళ్ళను రొమ్మునా, ముఖానా, సగం ఒంటిలోనూ ధరించి, స్త్రీ పురుషుల కలయిక వల్లనే లోకాలను నిలబెడుతున్న త్రిమూర్తులు మేలు చేయాలని కవి కోరాడు. ఈ రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. తమిళనాట ఉన్న మనకు ఇంతకన్నా దగ్గర చుట్టరికం ఏముంటుంది?

ఇప్పుడు తిరుచ్చికి వద్దాం. చెన్నై వైపు నుంచి వచ్చే రైలు శ్రీరంగం దాటి కావేరి వంతెన ఎక్కితే మలైకోట కనిపిస్తుంది. రైల్వేలో పని చేసిన మాకు ఆ కొండను ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. దాని పైభాగంలో 7వ శతాబ్దం మొదట్లో పల్లవ మహేంద్రవర్మ తొలిపించిన గుహ ఉంది. కొండ మధ్యలో ఉన్న శివుడి పేరు తాయుమానవర్. 'తల్లి కూడా అయినవాడు' అని అర్థం. సంస్కృతంలో మాతృభూతేశ్వరుడు.

కథ మీలో చాలామందికి తెలుసు. రత్నావతి అనే చెట్టియార్ల ఇంటి అమ్మాయికి నెలలు నిండాయి. పూంపుహార్ నుంచి తల్లి బయలుదేరింది. దారిలో కావేరికి వరద వచ్చింది, తల్లి అవతలి ఒడ్డున చిక్కుకుపోయింది. ఇక్కడ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. శివుడు ఆమె తల్లి రూపంలో వచ్చి పురుడు పోశాడు. వరద తగ్గి అసలు తల్లి వచ్చేదాకా ఉండి బాలింతకు సేవ చేశాడు. ఇప్పటికీ గర్భిణులు ఆ స్వామికి అరటిగెలలు మొక్కుకుంటారు. ఈ కథను ఏటా ఉత్సవంలో జరిపిస్తారు, 'చెట్టిప్పెణ్ మరుత్తువం' అని దాని పేరు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ అమ్మాయికి సాయం కావాలంటే శివుడు పార్వతిని పంపవచ్చు. లేదా మగ రూపంలోనే నిలబడి ఒక మంత్రం వేయవచ్చు. కథ అలా చెప్పలేదు. దేవుడే స్వయంగా మంత్రసాని అయ్యాడు. రక్తం, మైల అని మగవాళ్ళు గడప అవతల నిలబడే గదిలోకి వచ్చాడు. చొక్కనాథ నాయకుడి కాలంలో మదురై నాయకుల రాజధాని తిరుచ్చికి మారింది. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ రాజులు ఏలింది ఈ కొండ నీడలోనే.

మదురైలో కథ అటుతిప్పి ఉంటుంది. మలయధ్వజ పాండ్యుడు కొడుకు కోసం యాగం చేస్తే ఆడపిల్ల పుట్టింది. కొడుకుకు చేసే సంస్కారాలన్నీ ఈ పిల్లకే చేయమని ఆకాశవాణి చెప్పింది. తండ్రి తర్వాత ఆమెకే పట్టం కట్టారు. దండు నడిపి దిక్కులన్నీ గెలిచి కైలాసం దాకా వెళ్ళింది. అక్కడ శివుణ్ణి చూసిందట. పెళ్ళి అయ్యాక కూడా అల్లుడే మదురైకి వచ్చాడు గాని ఆమె కైలాసానికి కాపురానికి పోలేదు. ఇప్పటికీ భక్తులు ముందు మీనాక్షినే చూసి తర్వాత సుందరేశ్వరుడి దగ్గరకు పోతారు. చిత్తిరై ఉత్సవంలో ఆమెకు పట్టాభిషేకం చేసి చెంగోలు, అంటే రాజదండం, చేతికిస్తారు. ఆవణి మాసంలో స్వామికి పట్టం కట్టేదాకా రాజ్యం ఆమెదే. "మీ ఇంట్లో మదురైయా, చిదంబరమా?" అని తమిళులు వేళాకోళం చేసేది దీన్ని బట్టే. మదురై అంటే పెత్తనం ఆడవారిది, చిదంబరం అంటే మగవారిది.

మదురై నాయకులు విశ్వనాథ నాయకుడి నుంచి రెండు వందల ఏళ్ళు ఈ అమ్మవారి పేరు మీదే రాజ్యం చేశారు. వారిలో రాణి మంగమ్మ (తమిళులకు మంగమ్మాళ్) 1689 నుంచి మనవడు విజయరంగ చొక్కనాథుడి తరఫున దాదాపు పదిహేడేళ్ళు ఏలింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. మదురై రైల్వే స్టేషన్ ఎదురుగా ఆమె పేరుతో సత్రం ఇంకా ఉంది. తిరుచ్చిలో ఆమె పేరుతో పిలిచే దర్బారు మహలులో ఇప్పుడు ప్రభుత్వ మ్యూజియం నడుస్తోంది. కొడుకు పోయిన ఇంట్లో, పసివాడైన వారసుడి పక్కన ఒక ఆడమనిషి రాజ్యం చేసిందంటే, రాజదండం పట్టిన అమ్మవారు ఉన్న ఊరు కావడం ఆమెకు కొండంత అండ అయి ఉంటుంది.

మిగతా ఊళ్ళ సంగతులు క్లుప్తంగా చెప్తాం. తిరుచెంగోడు కొండ మీద మూలవిరాట్టే అర్ధనారీశ్వరుడు, సగం పంచె, సగం చీర. శ్రీరంగంలో వైకుంఠ ఏకాదశి ముందురోజు రంగనాథుడు మోహిని అలంకారంలో వస్తాడు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదోరోజు పొద్దున కూడా మోహినీ అవతారమే. యానాం సభ్యులకు దగ్గరలో, ఆత్రేయపురం పక్కన ర్యాలిలో ఒకే రాతిలో ముందువైపు కేశవస్వామి, వెనకవైపు జగన్మోహిని. తిరుపతి గంగజాతరలో మగవాళ్ళు చీర కట్టి గంగమ్మ అవుతారు, ఆ గంగమ్మ మళ్ళీ దొర వేషం వేసి పాలెగాణ్ణి చంపుతుంది. సోలాపూర్‌లోని మనవాళ్ళకు తెలుసు, పక్కనే పండరిపురంలో వారకరీలు విఠలుణ్ణి 'విఠాయి', 'మావులి' అని తల్లిగా పిలుస్తారు. బరంపురంలో తెలుగు మూలాలున్న దేరా నేతవారు నడిపే ఠాకురాణి యాత్రలో బూఢీ ఠాకురాణి గుడి నుంచి పుట్టింటికి వస్తుంది. ఊరంతటికీ అమ్మ అయిన ఆమె అక్కడ కూతురు. దేవాంగులు తమవాడని చెప్పుకునే కన్నడ నేతగాడు దాసిమయ్య, ఒంటిని చూసి ఆడ, మగ అంటారు గాని లోపలున్న ఆత్మకు ఆ తేడా లేదని వచనంలో చెప్పాడు.

ఇన్నిటినీ వరుసగా పెట్టి చూస్తే మాకు అర్థమైంది ఒక్కటే. దేవుడి ఒళ్ళు ఏ రకం అన్నది మన పెద్దలు తేల్చలేదు, తేల్చాలని తాపత్రయపడలేదు. అప్పుడు మనిషికి ఎవరు కావాలి అని చూశారు. పురిటి నొప్పుల్లో తల్లి కావాలి, తల్లి అయ్యాడు. రాజ్యానికి రాజు కావాలి, మీనాక్షి రాజు అయింది. నేతవారి వీధికి ఆడపడుచు కావాలి, కూతురై వచ్చింది.

ఇక మన కులదైవాలకు వద్దాం. రేణుక ఎల్లమ్మ, చౌడేశ్వరి, అంకమ్మ, కన్యకా పరమేశ్వరి, కట్టబొమ్మన కొలిచిన జక్కమ్మ. ఎక్కువమంది అమ్మవార్లే. వీళ్ళలో చాలామంది పక్కన భర్త లేడు. మన వలస కథలు కూడా ఆడపిల్ల చుట్టూనే తిరుగుతాయి. కంబళ నాయకుల్లోనూ, రెడ్లలోనూ, ఇంకా చాలా కులాల్లోనూ దాదాపు ఒకే కథ ఉంది. ఒక రాజు బలవంతంగా మన అమ్మాయిని అడిగాడు, ఇవ్వడం ఇష్టం లేక రాత్రికి రాత్రి అందరూ దక్షిణానికి బయలుదేరారు, ఏరు అడ్డం వస్తే ఒడ్డున ఉన్న కానుగచెట్టు (తమిళులు పుంగమరం అంటారు) వంగి వంతెన అయింది అని. చరిత్రకారులు వేరే కారణాలు చెప్తారు. 14వ శతాబ్దంలో కుమార కంపన దండయాత్ర, తర్వాత విజయనగర పాలన, నాయకుల పాలెంలు, కొత్త నల్లరేగడి భూములు, నేతకు గిరాకీ. అది నిజమే. అయినా ఎందుకు వచ్చారని అడిగితే మనవాళ్ళు భూమి కోసం అని చెప్పుకోలేదు, ఒక ఆడపిల్ల కోసం అని చెప్పుకున్నారు. తాము ఎలాంటి మనుషులమని అనుకున్నారో ఆ కథ చెప్తుంది.

అమ్మవారిని కొలిస్తే చాలు, ఆడవాళ్ళకు న్యాయం జరిగిపోతుందని మాత్రం అనుకోకండి. అంత పాలించిన మంగమ్మను చివరికి మనవడే చెరలో పెట్టి ఆకలితో చంపాడని మదురైలో చెప్పుకుంటారు. నాయకుల్లో చివరిగా ఏలిన రాణి పేరు కూడా మీనాక్షి. సొంత చుట్టాల కలహంలోకి చందా సాహెబును పిలిచి, అతని మాట నమ్మి, 1736లో రాజ్యమూ ప్రాణమూ పోగొట్టుకుంది. గుళ్ళో మీనాక్షికి చెంగోలు ఏటా ఇస్తూనే ఉన్నారు. గుడి చెప్పిన పాఠం మన నడవడిలోకి రావాలంటే అది మనం చేయాల్సిన పని.

ఇప్పుడు ఆ పాత సంగతి. మన కులదైవం గుళ్ళలో తలకట్టు వరి వసూలు చేస్తాం. పెళ్ళయిన మగవాడు ఒక తలకట్టు. ఆ పేరు మీదే రసీదు, ఆ పేరు మీదే గుడి మర్యాద. కొడుకులు లేని ఇంట్లో తండ్రి పోతే ఆ ఇంటి వరుస రిజిస్టరులో ఆగిపోతుంది. భార్య బతికే ఉంటుంది, కూతుళ్ళు ఉంటారు, ఏటా పొంగలి పెట్టడానికి వాళ్ళే వస్తారు, కానీ లెక్కలో ఉండరు. డబ్బు ఇస్తామన్నా వరిగా తీసుకోరు, కానుకగా హుండీలో వేయమంటారు. గర్భగుడిలో ఉన్నది ఆడదైవం, బయట ఆడమనిషి తల లెక్కకు రాదు.

పెద్దలు చెప్పే కారణం మాకు తెలుసు. పెళ్ళయిన ఆడపిల్లకు మెట్టినింటి కులదైవం వస్తుంది, రెండుచోట్ల రాస్తే లెక్క తప్పుతుంది అంటారు. అది తీసిపారేయాల్సిన మాట కాదు, తరతరాలుగా వంశం విడిపోకుండా కాపాడిన కట్టుబాటు. మెట్టినింటి గుడిని వదలమని మేము ఎవరికీ చెప్పడం లేదు. మగదిక్కు లేని ఇంట్లో ఆ తల్లి పేరునో, ఇష్టపడే కూతురి పేరునో తలకట్టుగా రాసి, వరి తీసుకుని, రసీదు ఇవ్వమంటున్నాం. దానికి కొత్త శాస్త్రం అక్కరలేదు. కొడుకు కోసం యాగం చేసిన ఇంట్లో కూతురు పుడితే కొడుకు సంస్కారాలన్నీ ఆమెకే చేశారని మదురై గుడి ఏటా గుర్తు చేస్తోంది.

గుమాస్తాగా బతికినవాళ్ళం కాబట్టి ఒక్క మాట. రిజిస్టరులో పేరు రాయడం చిన్న పని, అయిదు నిమిషాలు పడుతుంది. పేరు లేకపోతే మాత్రం ఆ మనిషి వచ్చిందని వందేళ్ళ తర్వాత చెప్పేవాళ్ళు ఉండరు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కమిటీ పెద్దలను కోరుతున్నాం. మీ మీ ఊరి గుళ్ళలో తలకట్టు లెక్క ఎలా నడుస్తోందో, ఎక్కడైనా ఆడవారి పేరు రాస్తున్నారేమో, దయచేసి రాయండి. పిల్లలు మళ్ళీ ఆ ప్రశ్న అడిగితే తాయుమానవర్ కథ చెప్పండి. తర్వాత మన రిజిస్టరు చూపించినా తలవంచుకోవాల్సిన పని లేకుండా ఉండాలి.