పోచంపల్లిలో ఆ రోజు అడిగింది ఎవరు?

పోచంపల్లి అనగానే మనకు చీర గుర్తొస్తుంది. కానీ ఊరి పేరు ముందు "భూదాన్" అని ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఈరోజు ఆ కథే చెప్పుకుందాం.

అప్పుడు నల్గొండ జిల్లా అంతా భూమి కోసం రగులుతోంది. 1948లో నిజాం పాలన పోయింది గానీ, దొరల భూములు దొరల దగ్గరే ఉన్నాయి. ఒకపక్క కమ్యూనిస్టుల సాయుధ పోరాటం, ఇంకోపక్క పోలీసులు, మిలిటరీ. మధ్యలో నలిగిపోయింది ఊళ్లే.

అలాంటి సమయంలో, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే నడుచుకుంటూ పోచంపల్లికి వచ్చారు. దళితవాడకు వెళ్లి "మీకేం కావాలి?" అని అడిగారు. అక్కడున్నవి 40 కుటుంబాలు. వాళ్లు బియ్యం అడగలేదు, డబ్బులు అడగలేదు. "80 ఎకరాల భూమి ఇప్పించండి, దున్నుకుని బతుకుతాం" అన్నారు. సగం తరి, సగం ఖుష్కి. తరి అంటే నీళ్లు పారే పొలం, ఖుష్కి అంటే వాన మీద పండే చెల్క.

సర్కారుకు రాస్తే ఎప్పటికి తేలుతుందో తెలీదు. అందుకే వినోబా అక్కడున్న ఊరివాళ్లనే అడిగారు: మీలో ఎవరైనా ఇవ్వగలరా? వెదిరె రామచంద్రారెడ్డి లేచి, 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. తర్వాత దేశమంతటా లక్షల ఎకరాలు దానంగా వచ్చాయి. అందులో సాగుకు పనికిరాని భూమి, పేదల చేతికి చేరని భూమి కూడా చాలానే ఉంది. అది వేరే ఎపిసోడ్.

నిజం చెప్పాలంటే, ఈ వీడియో థంబ్‌నెయిల్‌కి ముందు రెండే ఫొటోలు పెట్టాను: అడిగిన వినోబా, ఇచ్చిన రామచంద్రారెడ్డి. తర్వాత ఆగిపోయాను. అసలు ముందు నోరు తెరిచి అడిగింది ఎవరు? ఆ 40 కుటుంబాలే కదా! దొర ముందు తలెత్తడమే తప్పయిన రోజుల్లో, ఇన్ని ఎకరాలు కావాలని లెక్క చెప్పి మరీ అడగడం చిన్న ధైర్యమా? ఇచ్చినాయన పేరు పుస్తకాల్లోకెక్కింది. అడిగినవాళ్లు "40 కుటుంబాలు" అనే అంకెగా మిగిలారు.

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మీరూ వెళ్లండి, చీరలు కొనండి. అలాగే మీ ఊళ్లో కూడా పెద్దమనుషుల్ని ఒక్క ప్రశ్న అడగండి: "మన ఊరి పొలాలు మొదట దున్నింది ఎవరు?" చెప్పే పేర్లు ఫోన్లో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఆ పేర్లు ఇంకెక్కడా రాసి ఉండవు.

మళ్లీ కలుద్దాం.